రాపిడిని శాసించే పైపొర

రెండు ఘన పదార్థాలు ఒకదానినొకటి తాకుతూ కదిలినప్పుడు ఆ కదలికకు అడ్డుపడే బలం ఘర్షణ. వాడుకలో దానినే రాపిడి అంటారు. నేలమీద కాలు జారకుండా నిలవాలన్నా, కొట్టిన మేకు గోడలో ఊడకుండా ఉండాలన్నా, బ్రేకు వేసిన బండి ఆగాలన్నా రాపిడి కావాలి. ఇరుసు అరిగిపోవడానికీ, యంత్రం వేడెక్కడానికీ, కాల్చిన ఇంధనంలో కొంత వృథా కావడానికీ కూడా అదే రాపిడి కారణం. రోజూ అనుభవంలో ఉన్న ఈ బలం అసలు ఎక్కడ పుడుతుందన్న ప్రశ్నకు జవాబు తేలడానికి నాలుగు శతాబ్దాలకు పైగా పట్టింది. వస్తువు బరువులోనో, గరుకుతనంలోనో వెతికిన ఆ జవాబు చివరకు వస్తువును కప్పి ఉండే అతి పలుచని పైపొరలో దొరికింది. ఆ పొర మందం చాలాసార్లు కొన్ని అణువులకు మించదు.

రాపిడిని మొదట కొలిచి చూసినవాడు ఇటలీకి చెందిన లియొనార్డో డావిన్చి. 15వ శతాబ్దం చివరి సంవత్సరాల్లో ఆయన చెక్క దిమ్మలను బల్లమీద లాగి చూశాడు. దిమ్మను పడుకోబెట్టినా, నిలబెట్టినా లాగడానికి కావలసిన బలం ఒకటేనని, బరువు రెట్టింపైతే ఆ బలమూ రెట్టింపవుతుందని తన నోటు పుస్తకాల్లో రాసుకున్నాడు. అవి చాలాకాలం అచ్చుకు నోచుకోలేదు. 1699లో ఫ్రాన్సులో గియోమ్ అమొంతాన్ ఈ రెండు సంగతులనూ మళ్లీ కనుగొని అకాడమీ ముందుంచాడు. రాపిడి బలం బరువునుబట్టి మారుతుంది. తాకే వైశాల్యాన్నిబట్టి మారదు. నేటికీ పాఠ్యపుస్తకాల్లో కనిపించే ఘర్షణ నియమాలు ఇవే. 1780ల్లో షార్ల్ కూలుంబ్ వీటికి మరో నియమం చేర్చాడు: కదలిక మొదలైన తర్వాత రాపిడి వేగాన్నిబట్టి పెద్దగా మారదు. రాపిడి బలాన్ని రెండు తలాలనూ కలిపి అదిమే బలంతో భాగిస్తే వచ్చే అంకెను ఘర్షణ గుణకం అంటారు. మామూలు గాలిలో పొడి లోహాల జతలకు అది చాలావరకు అరకు అటూ ఇటూగా ఉంటుంది.

నియమాలు దొరికాయి గానీ కారణం దొరకలేదు. ప్రతి ఉపరితలం మీదా మిట్టలూ పల్లాలూ ఉంటాయని, ఒకదాని మిట్టలు మరొకదాని పల్లాల్లో ఇరుక్కుంటాయని, వాటిని ఎక్కించి దాటించడానికి అయ్యే శ్రమే రాపిడి అని అమొంతాన్, కూలుంబ్ భావించారు. వినడానికి సబబుగానే ఉన్నా ఈ వివరణలో ఒక లోపం ఉంది. దానిని 1804లో స్కాట్లండ్ శాస్త్రవేత్త జాన్ లెస్లీ ఎత్తిచూపాడు. మిట్ట ఎక్కేటప్పుడు ఖర్చయిన శక్తి, దిగేటప్పుడు తిరిగి రావాలి. అలాగైతే మొత్తంమీద నష్టమేమీ ఉండకూడదు. కానీ రాపిడిలో శక్తి నిజంగానే పోతోంది, వేడిగా మారిపోతోంది. అంతకు ముందే, 18వ శతాబ్దం తొలి భాగంలో, ఇంగ్లండులో డెసగ్యులియర్స్ మరో చిక్కు ప్రశ్న లేవనెత్తాడు. రెండు సీసపు గుండ్లను కొద్దిగా చెక్కి, తాజాగా బయటపడిన ముఖాలను కలిపి గట్టిగా నొక్కి తిప్పితే అవి అతుక్కుపోయాయి. ఊడదీయడానికి పెద్ద బరువులే వేలాడదీయవలసి వచ్చింది. లోహాలను మరీ నునుపుగా తోమితే రాపిడి తగ్గడానికి బదులు పెరుగుతుందని కూడా ఆయన గమనించాడు. గరుకుతనమే కారణమైతే ఇలా జరగడానికి వీల్లేదు.

ఈ ముడి విప్పినవారు కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంక్ ఫిలిప్ బౌడెన్, డేవిడ్ టేబర్. రెండు లోహాలను తాకించి, వాటి మధ్య విద్యుత్తు ఎంత సులువుగా ప్రవహిస్తోందో కొలిచి, నిజంగా తాకుతున్న వైశాల్యం ఎంతో 1939లో వారు అంచనా కట్టారు. కంటికి పూర్తిగా ఆనినట్టు కనిపించే రెండు ముఖాలు నిజానికి అక్కడక్కడ, మిట్టల కొనల దగ్గర మాత్రమే కలుసుకుంటాయి. ఒక లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. పక్కకు 10 సెంటీమీటర్లున్న ఉక్కు ఘనం బరువు సుమారు 7.8 కిలోలు. మెత్తని ఉక్కు చదరపు మిల్లీమీటరుకు 100 కిలోల బరువు దాకా ఓర్చుకుంటుందనుకుంటే, ఆ ఘనాన్ని మోయడానికి చదరపు మిల్లీమీటరులో పన్నెండో వంతు చోటు చాలు. దాని అడుగు వైశాల్యం 10,000 చదరపు మిల్లీమీటర్లు. అంటే లక్ష భాగాల్లో ఒక భాగమైనా నిజంగా తాకడం లేదన్నమాట. మోసే భారమంతా ఆ కాస్త చోటుమీదే పడేసరికి మిట్టల కొనలు నలిగి, రెండు వైపుల పరమాణువులు ఒకదానినొకటి పట్టుకుని చిన్న చిన్న అతుకులు వేసుకుంటాయి. వస్తువును జరపాలంటే ఆ అతుకులన్నింటినీ తెంచాలి. తెంచడానికయ్యే బలమే రాపిడిలో ప్రధాన భాగం.

పాత నియమాలకు ఇక్కడ కారణం దొరుకుతుంది. బరువు పెరిగినకొద్దీ మిట్టలు మరింత నలిగి, నిజంగా తాకే చోటు అదే నిష్పత్తిలో పెరుగుతుంది, అతుకులూ పెరుగుతాయి. దిమ్మను పడుకోబెడితే అతుకులు ఎక్కువ మేర పరుచుకుంటాయి గానీ వాటి మొత్తం వైశాల్యం మారదు. అందుకే రాపిడి బరువునుబట్టి ఉంటుంది, పైకి కనిపించే వైశాల్యాన్నిబట్టి ఉండదు. తెగిన అతుకు ఒక్కోసారి కలిసినచోట తెగకుండా మెత్తని లోహం లోపలే తెగుతుంది. అప్పుడు మెత్తని లోహపు రేణువు గట్టి లోహానికి అంటుకుపోతుంది. అరుగుదల మొదలయ్యే దారుల్లో ఇదొకటి.

లోహాలు తాకినచోటల్లా అతుక్కుంటే, పెట్టెలో పడేసిన మేకులన్నీ ఒకే ముద్ద కావాలి కదా అన్న సందేహం ఇక్కడ సహజం. అలా కాకపోవడానికి కారణం గాలి. తాజాగా బయటపడిన ఇనుము, అల్యూమినియం వంటి లోహపు ముఖం మామూలు గాలిలో సెకనులో కోటో వంతైనా శుభ్రంగా ఉండదు. ఆక్సిజన్ వచ్చి కూర్చుంటుంది, ఆక్సైడు పొర ఏర్పడుతుంది. దానిమీద నీటి ఆవిరి, జిడ్డు చేరతాయి. ఈ పొర మందం కొన్ని నానోమీటర్లు. మిల్లీమీటరులో పది లక్షో వంతు ఒక నానోమీటరు. లోహానికి లోహం నేరుగా తగలకుండా ఈ కవచమే కాపాడుతుంది. అధిక శూన్యంలో లోహాన్ని వేడిచేసి ఈ పొరను తొలగిస్తే ఘర్షణ గుణకం ఎన్నో రెట్లు పెరుగుతుంది. కొన్ని జతలు పూర్తిగా బిగుసుకుపోయి, లాగినా కదలవు. కొద్దిపాటి ఆక్సిజన్ లోపలికి వదిలితే చాలు, రాపిడి మళ్లీ తగ్గుతుంది.

అంతరిక్షంలో ఈ కవచం ఒకసారి చెరిగితే మళ్లీ ఏర్పడదు. అమెరికా 1989లో గురుగ్రహానికి పంపిన గెలీలియో నౌకలో ఒక పెద్ద ఆంటెన్నా ఉంది. ప్రయోగించేటప్పుడు ముడిచి ఉంచి, దారిలో తెరవాలన్నది ఏర్పాటు. 1991 ఏప్రిల్‌లో తెరవబోతే కొన్ని ఊచలు విడివడలేదు. వాటిని పట్టి ఉంచిన పిన్నుల మీది పొడి కందెన, నౌకను ట్రక్కులో దూర ప్రయాణాలు చేయించినప్పటి కుదుపులకు చెరిగిపోయిందని, దానితో పిన్నులు గూళ్లలో బిగుసుకుపోయాయని తర్వాతి విచారణలో తేలింది. పెద్ద ఆంటెన్నా చివరిదాకా పూర్తిగా తెరుచుకోలేదు. సమాచారమంతా చిన్న ఆంటెన్నా ద్వారా, చాలా నెమ్మదిగా పంపవలసి వచ్చింది.

బంగారం సంగతి వేరు. మామూలు గాలిలో దానికి తుప్పు పట్టదు, ఆక్సైడు కవచం ఏర్పడదు. పైగా మెత్తన. అందువల్ల రాసినచోట తన అంశను వదిలిపెడుతుంది. కంసాలి గీటురాయి పనిచేసేది ఈ గుణంమీదే. నల్లని, సన్నని రేణువులున్న ఆ రాతిమీద నగను గీస్తే పలుచని బంగారు చార మిగులుతుంది. మేలిమి తెలిసిన మరో బంగారంతో పక్కనే ఇంకో చార గీసి, రెండింటిమీదా ఆమ్లం వేస్తారు. నత్రికామ్లం రాగిని, వెండిని కరిగిస్తుంది, బంగారాన్ని ముట్టదు. చార ఏ మేరకు చెదిరిందో చూసి మాటు ఎంత కలిసిందో చెబుతారు. రాపిడి వల్ల ఒక ఘనం మరొక ఘనానికి అంటుకోవడాన్ని, ఉపరితల రసాయన చర్యనూ కలిపి వాడుకున్న అతి పాత పరీక్షల్లో ఇదొకటి.

గాలి వేసే కవచం బరువైన రాపిడికి నిలవదు. అందుకే కందెన. ఎద్దుబండి ఇరుసుకు ఆముదం రాయడం తెలుగు పల్లెల్లో పాత అలవాటు. మొదటి ప్రపంచ యుద్ధకాలపు విమాన ఇంజన్లలోనూ ఆముదమే వాడారు. చమురు పొర దళసరిగా ఉన్నంతవరకు రెండు లోహాలూ తాకవు. జారుడు చమురులోనే జరుగుతుంది, చమురు చిక్కదనమే లెక్కకు వస్తుంది. వేగం తగ్గి, బరువు పెరిగితే చమురు పక్కకు తప్పుకుంటుంది. అప్పుడు మిగిలేది లోహాన్ని అంటిపెట్టుకున్న ఒకటి రెండు అణువుల పొర. ఈ స్థితిని బ్రిటిష్ శాస్త్రవేత్త విలియం హార్డీ 1920 ప్రాంతంలో వివరంగా పరిశీలించాడు. అక్కడ చిక్కదనానికి విలువ లేదని, అణువుల పొడవుకూ, రసాయన స్వభావానికీ మాత్రమే విలువ అని చూపాడు. ఆముదం, కొవ్వు వంటి వాటిలోని ఆమ్లాల అణువుకు ఒక చివర లోహాన్ని పట్టుకునే ఆమ్ల భాగం, మరో చివర పొడుగాటి కర్బన గొలుసు ఉంటాయి. ఆమ్ల భాగం లోహాన్ని పట్టుకుంటుంది, గొలుసులు పక్కపక్కన నిలబడి రెండు లోహాలనూ దూరంగా ఉంచుతాయి. 18 కర్బన పరమాణువులున్న స్టియరిక్ ఆమ్లం వేసే అలాంటి పొర మందం రెండున్నర నానోమీటర్లు.

ఇక్కడ రసాయన చర్య ఎంత ముఖ్యమో బౌడెన్, టేబర్ బృందం 1940ల్లో నిరూపించింది. స్టియరిక్ ఆమ్లం రాగి మీద బాగా పనిచేస్తుంది. ప్లాటినం మీద దాదాపు పనిచేయదు. రాగితో అది చర్య జరిపి రాగి సబ్బుగా మారుతుంది, ప్లాటినంతో ఏ చర్యా జరపదు. ఆ ఆమ్లం 69 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. చర్య జరిగే లోహాలమీద మాత్రం ఆ వేడి దాటినా రాపిడి పెరగదు. సబ్బు పొర మెత్తబడే ఉష్ణోగ్రత వచ్చాకే పెరుగుతుంది. కాపాడేది పోసిన నూనె కాదు, నూనె లోహంతో కలిసి తయారుచేసిన కొత్త పదార్థం.

నేటి మోటారు వాహనాల ఇంజన్ ఆయిల్ ఇదే సూత్రంమీద నడుస్తోంది. అందులో జింకు, భాస్వరం, గంధకం ఉన్న ఒక సమ్మేళనాన్ని 1940ల నుంచి కలుపుతున్నారు. మొదట దానిని బేరింగులను తుప్పు తినేయకుండా, నూనె చెడకుండా చేర్చారు. అరుగుదలను ఆపుతుందని తర్వాత గమనించారు. రాపిడి జరిగేచోట ఆ సమ్మేళనం విడిపోయి, ఉక్కు మీద సుమారు 100 నానోమీటర్ల మందాన గాజు వంటి ఫాస్ఫేటు పొర వేస్తుంది. ఒత్తిడి, వేడి పెరిగినకొద్దీ ఆ పొర వేగంగా పెరుగుతుందని 2015లో అతి సన్నని సూది మొనతో చేసిన ప్రయోగాలు చూపాయి. ఎక్కడ ఒత్తిడి ఎక్కువో అక్కడే కవచం దళసరి అవుతుంది. ఇబ్బంది ఒకటే: ఇంజన్‌లో కాలిన భాస్వరం, పొగను శుద్ధిచేసే ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తుంది. అందుకే దాని మోతాదుకు పరిమితులు పెట్టారు.

నూనె పనికిరాని చోట్ల ఘన కందెనలు ఉన్నాయి. పెన్సిలులో ఉండే గ్రాఫైటు వాటిలో పాతది. అందులో కర్బన పరమాణువులు పలకలుగా, పేకముక్కల కట్టలా ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. పలకలో బంధాలు బలమైనవి, పలకకూ పలకకూ మధ్య పట్టు తక్కువ. అందుకే జారుతుందని చాలాకాలం అనుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఎత్తున ఎగిరే విమానాల జనరేటర్లలో కర్బన బ్రష్షులు ఉన్నట్టుండి పొడిపొడిగా రాలిపోసాగాయి. కారణం వెతికితే, అంత ఎత్తున గాలిలో తేమ లేకపోవడమే అని తేలింది. నీటి ఆవిరి లేకపోతే గ్రాఫైటు కందెనగా పనిచేయదని అమెరికాకు చెందిన రాబర్ట్ సావేజ్ 1948లో వివరించాడు. పలకల అంచుల్లో ఖాళీగా ఉన్న బంధాలను నీరు వచ్చి నింపుతుంది. నింపకపోతే ఆ అంచులు ఎదుటి తలాన్ని పట్టుకుంటాయి. మాలిబ్డినం డైసల్ఫైడు కూడా పలకల పదార్థమే, కానీ దాని తీరు వ్యతిరేకం. శూన్యంలో బాగా జారుతుంది, తేమలో చెడుతుంది. గెలీలియో పిన్నుల మీద పూసింది అదే. వంటపాత్రలకు పూసే టెఫ్లాన్‌ను 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ కనుగొన్నాడు. అది తన పలుచని పొరను ఎదుటి తలానికి అంటించి, ఆ తర్వాత తనమీద తానే జారుతుంది. నెమ్మదిగా జారేటప్పుడు దాని ఘర్షణ గుణకం 0.1 కన్నా తక్కువ.

రాపిడిలో పోయే శక్తి చాలావరకు వేడి అవుతుంది. ఆ వేడి మొదట పుట్టేది నిజంగా తాకే కొనల దగ్గరే. వస్తువు చేతికి గోరువెచ్చగా తగిలినా, వేగంగా జారే మిట్ట కొన మీద క్షణంలో వెయ్యో వంతు కన్నా తక్కువసేపు వందల డిగ్రీల వేడి పుట్టగలదు. బౌడెన్, రిడ్లర్ 1936లో రెండు వేర్వేరు లోహాలను రాపిడి చేసి, తాకినచోట పుట్టిన విద్యుత్తును కొలిచి ఈ వేడిని పట్టుకున్నారు. వేగం పెంచినకొద్దీ వేడి పెరుగుతూ పోయి, రెండింటిలో ముందు కరిగే లోహపు ద్రవీభవన స్థానం దగ్గర ఆగిపోయింది. మరుసటి సంవత్సరం బౌడెన్, హ్యూస్ కర్పూరంతో ఒక ప్రయోగం చేశారు. మెత్తని కర్పూరం సుమారు 178 డిగ్రీల దగ్గర కరుగుతుంది. 70 డిగ్రీల దగ్గరే కరిగే ఉడ్ లోహాన్ని అది నునుపు చేసింది. తనకన్నా ఎక్కువ వేడికి కరిగే లోహాలను ఏమీ చేయలేకపోయింది. మెరుగు పెట్టడంలో కాఠిన్యం కన్నా కరిగే వేడి ముఖ్యమని వారు తేల్చారు. మెరుగు అంతా కరగడం వల్లే రాదని, అతి సన్నగా తరగడం, రసాయన చర్య కూడా అందులో ఉన్నాయని తర్వాతి పరిశోధనలు చూపాయి.

రాపిడి రసాయన చర్యను రగిలించడానికి ఇంటింటా ఉన్న ఉదాహరణ అగ్గిపుల్ల. 1827లో ఇంగ్లండులో జాన్ వాకర్ అనే మందుల వ్యాపారి పొటాషియం క్లోరేటు, యాంటిమొనీ సల్ఫైడు కలిపిన పుల్లలను అమ్మాడు. గరుకు కాగితంమీద రాస్తే అవి మండేవి. ఆ తర్వాత వచ్చిన తెల్ల భాస్వరం పుల్లలు ఎక్కడ రాసినా మండేవి, కానీ వాటిని తయారుచేసే కార్మికుల దవడ ఎముకలు కుళ్లిపోయేవి. 1906లో బెర్న్‌లో కుదిరిన ఒప్పందం వాటి తయారీని నిషేధించింది. నేటి సురక్షిత అగ్గిపెట్టె 19వ శతాబ్దం మధ్యలో స్వీడన్‌లో రూపుదిద్దుకుంది. ఆక్సిజన్ ఇచ్చే క్లోరేటు పుల్ల తలలో, ఎర్ర భాస్వరం పెట్టె పక్కన ఉంటాయి. గీసినప్పుడు గాజుపొడి రాపిడికి ఆ రెండూ కలిసి, పుట్టిన వేడికి రగులుకుంటాయి. విడివిడిగా ఉంచడమే దాని భద్రత.

అయితే రాపిడి రసాయనానికంతటికీ వేడే మూలం కాదు. క్రీస్తు పూర్వం 4వ శతాబ్దం చివర గ్రీకు పండితుడు థియొఫ్రాస్టస్, పాదరసం, గంధకం కలిసిన ఇంగిలీకాన్ని రాగి రోటిలో రాగి రోకలితో, వెనిగర్ చేర్చి నూరితే పాదరసం వస్తుందని రాశాడు. ఆయుర్వేదంలో ఇందుకు తిరుగు దిశలో సాగే పని ఉంది. పాదరసాన్ని గంధకంతో కల్వంలో వేసి గంటల తరబడి నూరితే పాదరసపు మెరుపు పూర్తిగా పోయి నల్లని మెత్తని పొడి తయారవుతుంది. దాని పేరు కజ్జలి. రసాయనికంగా అది నల్లని పాదరస సల్ఫైడు. దానినే పుటం పెట్టి వేడిచేసి ఎర్రని రససిందూరం చేస్తారు. 1890ల్లో అమెరికాలో కేరీ లీ వేడికీ నూరుడుకూ ఉన్న తేడాను కచ్చితంగా నిరూపించాడు. సిల్వర్ క్లోరైడును వేడిచేస్తే కరుగుతుంది, మెర్క్యురిక్ క్లోరైడు ఆవిరై పైకి లేస్తుంది, ఏదీ విడిపోదు. కల్వంలో గట్టిగా నూరితే మాత్రం రెండూ విడిపోయాయి. నూరుడు బంధాలను నేరుగా లాగి తెంచగలదని, అది వేడికి సాధ్యంకాని దారి అని ఈ ప్రయోగాలతో స్పష్టమైంది.

అద్దాలకు, కటకాలకు సానపట్టే పనిలో రాపిడి, రసాయనం కలిసే నడుస్తాయి. దానికి మేలైన పొడి సీరియం ఆక్సైడు. అది గాజును గీకి తీయదు. నీరు గాజు పైపొరలోకి దిగి అక్కడి బంధాలను వదులుచేస్తుంది. సీరియం రేణువు ఆ పొరతో తాత్కాలికంగా బంధం వేసుకుని కొంత గాజును పట్టుకుపోతుంది. నీరు లేకుండా రుద్దితే ఆ మెరుగు రాదు. ఈ సీరియం ప్రధానంగా దొరికే ఖనిజాల్లో మోనజైటు ఒకటి. శ్రీకాకుళం మొదలుకొని ఆంధ్ర తీరంలో ఉన్న నల్ల ఇసుకలో మోనజైటు నిల్వలున్నాయి. కంప్యూటరు చిప్పుల పొరలను చదును చేయడానికి 1980ల నుంచి వాడుతున్న పద్ధతి కూడా రసాయనాన్ని, రాపిడిని జోడించినదే. వజ్రాన్ని వజ్రపు పొడితోనే సానపట్టగలగడానికి కారణాన్ని జర్మనీ పరిశోధకులు 2011లో కంప్యూటరు లెక్కలతో వివరించారు. రాపిడికి వజ్రపు పైపొరలోని పరమాణువుల క్రమం చెదిరి మెత్తని కర్బనంగా మారుతుంది; తర్వాత ఊడేది ఆ మెత్తని పొర. రుద్దే దిశనుబట్టి అది సులువుగానో కష్టంగానో మారుతుంది. వజ్రకారులకు ఈ తేడా అనుభవంలో ఎప్పటినుంచో తెలుసు.

ఇదే రసాయనం నష్టమూ చేస్తుంది. బిగించిన బోల్టులు, కీళ్లు కంపనాలకు మిల్లీమీటరులో వందో వంతు అటూ ఇటూ కదిలినా, ప్రతి కదలికకూ ఆక్సైడు పొర చెరుగుతుంది, తాజా ఇనుము బయటపడుతుంది, మళ్లీ ఆక్సైడవుతుంది. ఊడిన ఆక్సైడు ఎర్రని పొడిగా చేరి లోహాన్ని ఇంకా కోస్తుంది. ఉక్కు కీలు పక్కన నీరు తగలకుండానే ఎర్రపొడి కనిపిస్తే, లోపల కీలు వదులై కదులుతోందనడానికి అది గుర్తు. పగులు అక్కడినుంచే మొదలు కావచ్చు.

రాపిడి, అరుగుదల, కందెనల అధ్యయనాన్ని ఒకే శాస్త్రంగా చూడాలని 1966లో బ్రిటన్‌లో పీటర్ జోస్ట్ నాయకత్వంలోని సంఘం నివేదిక ఇచ్చింది. ఆ శాస్త్రానికి ట్రైబాలజీ అన్న పేరు అప్పుడే స్థిరపడింది. 2017లో హోమ్‌బెర్గ్, ఎర్డెమిర్ వేసిన అంచనా ప్రకారం ప్రపంచం వాడే శక్తిలో సుమారు 23 శాతం రాపిడి, అరుగుదలల ఖాతాలోకే పోతోంది. అందులో 20 శాతం రాపిడిని అధిగమించడానికి, 3 శాతం అరిగిన భాగాల స్థానంలో కొత్తవి చేయడానికి. తలాన్ని నునుపు చేసినంత మాత్రాన ఈ లెక్క తగ్గదు. తగ్గించే మార్గం ఆ తలాలమీద సరైన పొర వేయడం, వేసిన పొర చెరిగితే మళ్లీ ఏర్పడే ఏర్పాటు చేయడం. ఏ లోహానికి, ఏ గాలిలో, ఏ వేడిలో ఏ పొర నిలుస్తుందో తెలుసుకుని ఎంచుకున్న కందెనే యంత్రాన్ని కాపాడుతుంది.